గవరమ్మ ఎప్పుడొచ్చింది?

గవరమ్మ అబద్ధాలాడే మనిషి కాదు. అండమాన్‌లోని జంగ్లీఘాట్‌లో ముప్పై ఏళ్లుగా చేపలమ్ముతున్నా, నిన్నటి చేపను ఇవాళ్టిదని ఎవరికీ అంటగట్టలేదు. అలాంటిది, తొంభై ఆరులో ఒక పొద్దున, నోటుబుక్కుతో గుమ్మంలో నిలబడ్డ కాలేజీ పిల్ల లీదియాను చూడగానే తడుముకోకుండా అబద్ధమాడేసింది.

"అండమాన్ ఎప్పుడొచ్చారు అమ్మమ్మా?"

"నానా? పోయిన నెల. సుట్టపు సూపుకొచ్చినాను. ఈ ఇల్లు నాది కాదు."

అంతలో ఒక ఆటో వెనక్కొచ్చి ఎండేసిన చేపల మీదికెక్కింది. గవరమ్మ ఎగిరిపడింది. "అరే, అంధా హై క్యా? రోజ్ కా యహీ తమాషా!"

లీదియా నవ్వాపుకుని వెళ్లిపోయింది.

గట్టున వేసుకున్న ఆ ఇంటిని సర్కారువాళ్లు రెండుసార్లు కూలగొట్టారు. రెండుసార్లూ ముందు ఎవరో వచ్చి పేర్లు రాసుకుపోయారు. నోటుబుక్కంటే గవరమ్మకు గుండెదడ అందుకే. ఊరు నిలబెట్టిన చేతులే ఊళ్లో ఉండడానికి రుజువులు వెతుక్కోవాలి!

సంగతి విని, పక్కింటి నూకన్న వల కుట్టడం ఆపేశాడు.

"ఎంత పని సేసినావు దీదీ! పాతోళ్లకే పట్టాలంటన్నారు గదా. పోయిన నెలొచ్చినానని రాయించుకుంటే ఇంకేటి మిగుల్తాది?"

ఆ రాత్రి ఆమెకు కూడు సయించలేదు. తెల్లారాక గంప నూకన్న భార్యకు అప్పజెప్పి కాలేజీకి పోయింది. గేటు దగ్గర లీదియాను పట్టుకుంది.

"బేటీ, నిన్న సెప్పినదంతా అబద్ధం. కొట్టేయమ్మా."

"ఇది సర్కారు లెక్క కాదు అమ్మమ్మా, మా కొత్త కోర్సు. చరిత్ర, భాష, సముద్రం మీద బతుకులు అన్నీ కలిపి చదువుతాం. ఇక్కడికి ఎవరెలా వచ్చారో వాళ్ల నోటితోనే వినమన్నారు. వద్దంటే పేరు కూడా రాయం." పుస్తకం తెరిచింది. నిన్నటి పేజీ ఖాళీగా ఉంది.

"నాను సెప్పింది రాయనేదా?"

"పోయిన నెల వచ్చినావిడకి ఆటోవాడితో రోజూ తమాషా ఎలాగమ్మా?"

గవరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మెట్టు మీద చతికిలబడింది.

"అయితే రాయి, పేరుతోనే. మా అయ్యకి సేపల పనిస్తామని భీమిలి నుంచి తెచ్చినారు. నాకప్పుడు ఏడేళ్లు. ఓడలో ఒకటే కక్కులు. చాతం రేవులో దిగినప్పుడు అమ్మ సంకలో తమ్ముడు, నా నెత్తి మీద వల."

లీదియా రాస్తోంది. చర్చిలో తెలుగు పాటలు పాడే పిల్లే గానీ తెలుగు రాయడం రాదు. హిందీ అక్షరాల్లో తెలుగు మాటలు పడుతున్నాయి.

"ఏ అచ్చరాలైతేనేం. ఇల్లు నాదని రాసినావా?"

"రాశాను."

"ఏదీ, సదువు."

లీదియా చదివింది. గవరమ్మ కళ్లు మూసుకుని వింది.

"ఇంకోపాలి సదువమ్మా," అంది.