ఫ్యామిలీలకు మాత్రమే

మా అశోక్‌నగర్ బిల్డింగును నా అతితెలివితో నేనే ఎలా పోగొట్టుకోబోయానో చెబుతాను. నవ్వుకోండి, కానీ మా ఆవిడ పక్షం మాత్రం చేరకండి. అక్కడ ఇప్పటికే జనం ఎక్కువ.

మా నాన్న కట్టించిన ఆ మూడంతస్తుల బిల్డింగులో పది పోర్షన్లు. ఒకదాంట్లో మేముంటాం. మిగతా తొమ్మిదింట్లో ఏడు రెండేళ్లుగా ఖాళీ. ఎందుకంటారా? గేటుకు నేను తగిలించిన బోర్డు అలాంటిది: "ఫ్యామిలీలకు మాత్రమే. బ్యాచిలర్లు అడగరాదు." అశోక్‌నగర్‌లో! అడుగు తీసి అడుగు వేస్తే గ్రూప్స్‌కు చదివే పిల్లలే తగిలే చోట!

"ఆ పిల్లలకే ఇయ్యరాదా?" అని మా ఆవిడ సుజాత మొత్తుకునేది.

"నీకు తెల్వది, ఊకో," అనేవాణ్ణి. చివరికి పంతానికి పోయి అమ్మేద్దామన్నాను. "నేను కాపురానికొచ్చిన ఇల్లు గద," అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను వింటేనా!

నారాయణగూడలో బట్టల షాపున్న సేటు ఒకాయన చూడ్డానికొస్తానన్నాడు. ఖాళీ బిల్డింగు చూస్తే పెట్టుబడి పెట్టేవాడు పారిపోడూ? అందుకని చిక్కడపల్లిలో ఒక స్టడీ హాలుకెళ్లి, బిర్యానీ ఆశ చూపి, పద్నాలుగు మంది పిల్లల్ని తెచ్చి ఖాళీ గదుల్లో చాపలేసి కూర్చోబెట్టాను. "ఎవరడిగినా కిరాయికుంటున్నమని చెప్పాలె, గంతే." నా బుర్రకు నేనే దండం పెట్టుకున్నాను.

సేటు వచ్చాడు. మొదటి గదిలో నరేష్ అనే కుర్రాడున్నాడు.

"తమ్మీ, బిల్డింగెట్లుంది?"

బాగుందంటే చాలు కదండీ! మెయిన్స్ రాసే పిల్లవాడు ఒక్క మాటతో ఆపుతాడా? లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అనుకూలతలు నాలుగు సర్. గాలి, వెలుతురు, నీళ్లు, లైబ్రరీ దగ్గర. ప్రతికూలత ఒక్కటే."

"ఏందది?"

సేటు వెనక నుంచి నేను చేతులు జోడిస్తున్నాను. వాడు నా వైపు చూస్తే కదా!

"ఓనర్, సర్. బోర్డు పెట్టి ఎవల్నీ రానియ్యడు. మేమంతా ఇయ్యాల పొద్దుగాలనే వచ్చినం, బిర్యానీ కోసం. ముగింపు: ఓనర్ మారితే ఒక్క దినంల నిండుతది."

జోడించిన చేతులతోనే మొహం కప్పుకున్నాను. సేటు మాత్రం పకపకా నవ్వి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఖరాబు మీరొక్కరే అయితే ఫికరేంది? అమ్మినంక మీరెట్లైనా పోతరు గద. తీస్కుంటున్న!"

అప్పుడు గుమ్మంలోంచి సుజాత గొంతు లేచింది. "జర ఆగుండ్రి సేటుగారు. ఓనర్ మారితే చాలంటే బిల్డింగెందుకు అమ్ముడు? ఇయ్యాల్టి సంది ఓనర్ నేనే!"

పద్నాలుగు మందీ చప్పట్లు! సేటు కూడా కొట్టాడు, కాస్త ఏడుపు మొహంతోనే. సుజాత గేటు దగ్గరికెళ్లి ఆ బోర్డు పీకి పారేసింది. బిర్యానీ తినే లోపే ఏడు పోర్షన్లూ నిండిపోయాయి. నరేష్ చాప చుట్టనే లేదు. బిల్డింగు మాకే దక్కింది. మా ఆవిడ మొహం చూస్తుంటే, ఓడిపోయి కూడా ఇంత సంతోషం ఉంటుందా అనిపించింది.

కాబట్టి, అయ్యలారా అమ్మలారా, మా నీళ్ల ట్యాంకు మీద ఒట్టేసి చెబుతున్నాను: ఈ జన్మలో ఇంకెప్పుడూ ఓనర్‌నని చెప్పుకోను. మొన్న గేటు దగ్గర ఎవరో "ఓనర్ మీరేనా అన్నా?" అని అడిగితే వెంటనే చెప్పాను.

"కాదు తమ్మీ, నేనూ ఈడ ఉండనిస్తే ఉంటున్న. మేడం లోపలున్నరు, చెప్పులిప్పి పో."