మూడో జ్ఞాని తలపాగా

నా చిన్నప్పుడు ఒక ఏడు క్రిస్మస్ జనవరిలో, మంగళవారం నాడు వచ్చింది. ఈ మాట చెబితే మా మనవరాళ్లు నవ్వుతారు. నవ్వనీ. ఆ మంగళవారం హిందూపురంలో, మా పక్కింటి వసారాలో, నేను ఉన్నాను. వాళ్లు లేరు.

మాది బెల్లం మండీ. ఇంట్లో ఏ మూల కూర్చున్నా బెల్లం వాసనే. మా ఇంటిని ఆనుకున్న చిన్న భాగంలో ఒక అక్క అద్దెకు ఉండేది. ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. వాళ్లు క్రైస్తవులు. అక్కకు తల్లి లేదు, తోబుట్టువులు లేరు, పెళ్లి కాలేదు. ఉన్నదల్లా ధర్మవరంలో తండ్రి ఒక్కడే. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. కూతురి దగ్గరికి వచ్చి ఉండమంటే వినేవాడు కాదు. కానీ ఏటా క్రిస్మస్ ముందురోజు మాత్రం ప్యాసింజరు బండిలో, సంచి నిండా రేగిపండ్లతో దిగేవాడు. ఆ సంచిలో సగం మా వీధి పిల్లలవే.

ఆ వారమంతా అక్క ఇల్లు మాది. వెదురు పుల్లలు కట్టి, రంగు కాగితం అంటించి, గుమ్మానికి నక్షత్రం వేలాడదీసేది. మా చేత ఒక చిన్న నాటకం ఆడించేది. పాత చీర చుట్టిన దిండు బాలయేసు. చుట్టూ గొల్లలు, గొర్రెలు, తూర్పు దేశం నుంచి వచ్చిన ముగ్గురు జ్ఞానులు. నాకు జ్ఞాని కావాలని మహా కోరిక. కానీ నేను అందరికన్నా పొట్టిదాన్ని కావడంతో ఏటా గొర్రె వేషమే దక్కేది. చివరికి ఒక ఏడు అక్క నన్ను పిలిచి, ఈసారి మూడో జ్ఞానివి నువ్వే అన్నది. మూడో జ్ఞాని బాలయేసుకు కానుకగా బోళమనే సుగంధ ద్రవ్యం తీసుకుపోవాలి. బోళం ఎట్లా ఉంటుందో మా వీధిలో ఎవరికీ తెలియదు కాబట్టి, మండీలోని చిన్న బెల్లం అచ్చుకు తళుకు కాగితం చుట్టి పెట్టుకున్నాను. మా తాతయ్య ఎర్ర తలపాగా గుడ్డ కూడా అడిగి తెచ్చుకున్నాను.

అప్పుడే ధర్మవరం నుంచి కబురొచ్చింది. తెలిసిన రైలు గార్డు ఒకాయన అక్క గుమ్మంలో నిలబడి చెప్పి పోయాడు. అక్క వాళ్ల నాయన కొత్తగా ఒక ప్రార్థన కూటంలో చేరి, బైబిలును మాట మాటా విడదీసి చదువుతున్నాడట. క్రిస్మస్ తారీఖు అందులో ఎక్కడా లేదట. ఇంటికి నక్షత్రం కట్టమనీ లేదట. జ్ఞానులు ముగ్గురని కూడా లేదట, కానుకలు మూడు గనక మనుషులూ ముగ్గురేనని జనం అనుకున్నారట. పుస్తకంలో లేని పండక్కు తాను రానన్నాడు.

అక్క ఆ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని పుస్తకం తిప్పుతూనే ఉంది. మర్నాడు మాతో, నాయన చెప్పింది నిజమే, తారీఖూ లేదు, ముగ్గురని కూడా లేదు అన్నది. మమ్మల్ని ఊరడించడానికైనా అబద్ధం చెప్పలేదు. అందుకే ఆమె అంటే నాకు ఈనాటికీ గౌరవం.

మా అవ్వకు మాత్రం ఒళ్లు మండింది. "మనం పండక్కి ఓళిగలు ఏ పుస్తకం చూసి చేస్తాండాం? మా అత్త చేసె, నేను చేస్తాండా. కూతురి మొగం చూసేదానికి కూడా ఆయప్పకు పుస్తకంలో రాసుండల్లనా?" అని గొణుగుతూ పొయ్యి ఊదింది.

నాకు అర్థమైంది ఒక్కటే. పుస్తకంలో లేనిది మూడో జ్ఞాని. మూడో జ్ఞానిని నేను. అంటే ఆ ముసలాయన రాకపోవడానికి కారణం నేనే. తలపాగా గుడ్డ మడిచి పట్టుకుని అక్క దగ్గరికి పోయాను. నేను మళ్లీ గొర్రెనే అవుతాను, జ్ఞానులు ఇద్దరేనని తాతకు చెప్పి పంపు, వస్తాడు అన్నాను. అక్క నన్ను దగ్గరికి తీసుకుంది.

ఆ క్రిస్మస్‌కు నక్షత్రం లేదు, నాటకం లేదు. అక్క ఒక్కతే చర్చికి పోయి వచ్చి, ఒక్కతే కూర్చుని తిన్నది. గోడ ఇవతల నేను కంచం ముందు నుంచి లేచిపోయాను.

జనవరిలో ఆ గార్డు మళ్లీ వీధిలో కనబడితే అక్క పరుగున పోయి ఆపింది. "నాయనకు చెప్పన్నా. వచ్చే మంగళవారం ఏ పండగా కాదు. క్యాలెండర్లో ఎర్ర అంకె కూడా లేదు. ఊరికే కూతురింటికి అన్నానికి రమ్మన్నానని చెప్పు" అన్నది.

మంగళవారం అక్క బడికి సెలవు పెట్టింది. నక్షత్రం కట్టలేదు. కర్జికాయలు మాత్రం చేసి, మా అందరినీ వేషాలు వేసుకుని రమ్మన్నది. పొద్దెక్కాక ఆయన సంచితో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. వసారాలో గొర్రెలు, గొల్లలు, దిండు. ఆయన చెప్పులు విడవలేదు.

"ఏమ్మా, పండగ కాదంటివే?"

"కాదు నాయనా, మంగళవారం. పిల్లోళ్లు ఆడుకుంటాండారు."

ఆయన కూతురి ముఖం వైపు చూశాడు. ఎంత చిక్కిపోయిందో అప్పుడే చూసినట్టున్నాడు. మెల్లగా చెప్పులు విడిచి బల్ల మీద కూర్చున్నాడు. నా ప్రాణం కుదుటపడింది.

మొదటి జ్ఞాని వచ్చి కానుక పెట్టి పోయాడు. రెండో జ్ఞాని కూడా పోయాడు. నేను తలుపు వెనకే ఉండిపోయాను. తలపాగా చేతిలోనే ఉంది. ఇప్పుడు నేను బయటికి వస్తే ఆయన లేచి పోతాడేమోనని భయం. ఆయనే చూశాడు.

"నువ్వు రావా పాపా?"

"నేను పుస్తకంలో లేను తాతా" అన్నాను.

అక్క తల దించుకుంది. ఆయన సంచి పక్కన పెట్టి, "ముగ్గురని రాసిలేదు, నిజమే. ఇద్దరని మాత్రం యాడ రాసినారు? ఎంతమందో రాసిలేదు. నువ్వు రావద్దని ఏ వచనంలోనూ లేదు. ఇట్లా రా" అన్నాడు. నన్ను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని, గుడ్డ బిగించి తలపాగా ఆయనే చుట్టి ముడి వేశాడు. ఆయన వేళ్లకు రేగిపండ్ల వాసన. ఆ సంబరంలో నేను దిండు సంగతి మరిచి, బోళం తీసుకుపోయి ఆయన చేతిలోనే పెట్టాను. ఆయన కాగితం విప్పి, బెల్లం విరిచి, ముందు కూతురికిచ్చాడు. ఆమె ఏడుస్తూ తిన్నది.

ఆయన ఉన్నంతకాలం ఏటా జనవరిలో ఏదో ఒక మంగళవారం వచ్చేవాడు. క్రిస్మస్‌కు మాత్రం రాలేదు. మాట ఆయనదే నిలిచింది, భోజనం అక్కది నిలిచింది. తర్వాత అక్కకు బదిలీ అయ్యింది. నేను పెళ్లయి పెనుకొండ వచ్చేశాను. ఆమె ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు. ఒక్కసారి చూడాలని ఎంత ఉంటుందో చెప్పలేను.

ఇప్పటికీ అందరి ఇళ్ల ముందరి నక్షత్రాలు దించేశాక, జనవరిలో ఒక మంగళవారం కర్జికాయలు చేస్తాను. ఏం పండగ అని కోడలు అడుగుతుంది. ఏ పండగా కాదు, మంగళవారం అంటాను. ధర్మవరం నుంచి హిందూపురం పోయే బండి కూత వినబడగానే చెయ్యి దానంతటదే తల మీదికి పోతుంది. ఆయన కట్టిన ముడి ఇంకా వదులు కాలేదు.