డిష్షుకు గొంగడి కప్పిన రోజు

మెడలో కంపెనీ ఐడి కార్డు వేలాడిన కొత్తలో నా నడకే మారిపోయింది. ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్లు లోకం మొత్తానికి నెట్ ఇస్తున్నది వీడేనేమో అనుకోవాలి. (అనుకోకపోతే నేనే చెప్పేవాణ్ని.) మాది మిర్యాలగూడ. డిగ్రీ ఎలాగోలా గట్టెక్కి సూర్యాపేటలో ఒక చిన్న ఇంటర్నెట్ కంపెనీలో చేరాను. వైర్లు పోని ఊళ్లకు టవర్ నుంచి గాలిలో నెట్ పంపడం మా పని. మా సార్‌ది కోదాడ. ఆయన ఫోన్లో "ఏవయ్యా" అన్నాడంటే నేను కూర్చున్నచోటే లేచి నిలబడేవాణ్ని. "ఏవయ్యా, ఆ గొర్రెలకాపర్ల గూడెంలో కనెక్షన్ ఈ వారం లేవాలి. లేవలేదనుకో, నువ్వు మిర్యాలగూడ పోయి మీ నాన్నతో కలిసి వడ్లు ఆరబోసుకుందువుగాని" అన్నాడు. మా నాన్నతో కలిసి వడ్లు ఆరబోయడం కంటే ఎవరెస్ట్ మీద డిష్ బిగించడం తేలిక కాబట్టి, వెంటనే బండి తీశాను.

ఆ గూడెం తిరుమలగిరి దాటాక, ఒక వాగుకు అవతల ఉంటుంది. ఫోన్ మాట్లాడాలంటే అక్కడ నీళ్ల ట్యాంకు ఎక్కాలి. ఎక్కినా ఒక్క గీత సిగ్నల్, అదీ గాలి వాటం బట్టి. పైనుంచి అరిచి మాట్లాడితే ఊరంతా వినేది. అందుకని ఆ ఊళ్లో ఎవరి సంసారంలోనూ రహస్యాలు లేవు. నేను ఆ ట్యాంకు మీదే డిష్ బిగించాను. ట్యాంకు పక్క ఇల్లు పెద్దవ్వది (ఊరందరికీ ఆమె పెద్దవ్వే), వైఫై డబ్బా ఆమె ఇంట్లో పెట్టాను. ఊరు మొత్తం చుట్టూ నిలబడింది కదా, ఇక నా ఉపన్యాసం ఆగుతుందా! "అవ్వా, పైన డిష్ ఉన్నది సూడు, అది తిరుమలగిరి టవర్ దిక్కే సూస్తుండాలె. ఇంట్ల ఈ డబ్బాకు మాత్రం సుక్క నీళ్లు తగలనియ్యొద్దు, ఖరాబైతది" అని గంభీరంగా చెప్పాను. పెద్దవ్వ శ్రద్ధగా తల ఊపింది. అంత శ్రద్ధగా నా మాట విన్నవాళ్లు నా జీవితంలో అంతకు ముందు లేరు, తర్వాతా లేరు.

ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది పెద్దవ్వ మనవరాలు. సూర్యాపేటలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి వచ్చింది. పట్నంలో ఒక పెద్ద దవాఖానా వాళ్లు మర్నాడే వీడియోలో ఇంటర్వ్యూ పెట్టారట. "అన్నా, పోయినసారి గిట్లనే ట్యాంకెక్కి మాట్లాడుతుంటె మధ్యల కట్టయింది. వాళ్లు ఇంకోరిని తీసుకున్నరు. ఇదిగూడ పోతే మా బాపు సంబంధం ఖాయం చేస్తనంటుండు. నాకు నౌకరి చెయ్యాల్నని ఉన్నదన్నా" అంది. వాళ్ల బాపు పక్కనే నిలబడి గొర్రెల్ని చూస్తున్నట్టు నటించాడు. నేను కాలర్ సర్దుకుని, "చెల్లే, వానొచ్చినా గాలొచ్చినా మా నెట్ ఆగదు. నువ్వు బేఫికర్‌గా పండుకో" అని హామీ ఇచ్చేశాను. ఆ మాట అనమని నాకు కంపెనీ చెప్పలేదు, అందుకు జీతం కూడా ఇవ్వలేదు.

అనడమే ఆలస్యం, రాత్రి పొద్దుపోయిందని నేను పెద్దవ్వ అరుగు మీదే పడుకుంటే తెల్లారేసరికి వాన మొదలైంది. వాగు పొంగింది, బస్సు రాలేదు. అమ్మాయి సూర్యాపేట వెళ్లే దారి లేదు, నేను పారిపోయే దారి అంతకన్నా లేదు. ఇంటర్వ్యూ వేళకు ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి కూర్చుంది. తెర మీద ఒక మేడమ్ కనపడి "గుడ్ మార్నింగ్" అంది. పిల్ల "గుడ్" అనేలోపే మేడమ్ నోరు తెరిచిన భంగిమలో ఆగిపోయి, మాయమైంది.

"అన్నా, పోయింది!" అని ఆ పిల్ల నా వైపు చూసిన చూపు తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. డబ్బా ప్లగ్గు పీకాను, పెట్టాను. మళ్లీ పీకాను. వైర్లు నలిపాను. అరుగు మీద చేరినవాళ్లు తలా ఒక సలహా ఇచ్చారు. "జర కొట్టు సారూ, మా టీవీ గట్లనే వస్తది" అన్నాడు ఒకాయన. (కొట్టాను. రాలేదు.) ఇక దిక్కులేక ఆ వానలోనే ట్యాంకెక్కాను.

ఎక్కి చూద్దును కదా, నా డిష్ గొంగడి కప్పుకుని కూర్చుంది! నిండుగా, నెత్తి మీంచి కిందిదాకా, గాలికి ఎగిరిపోకుండా మెడ దగ్గర తాడుతో ముడి కూడా వేసి ఉంది. వాన నీళ్లన్నీ తాగి ఆ గొంగడి మణుగు బరువైంది. ఇంక దాంట్లోంచి సిగ్నల్ ఏం దూరుతుంది, నా బొంద!

"ఎవలు కప్పిన్రు దీనికి?" అని పైనుంచే కేక పెట్టాను.

"నేనే మా కొడుకును ఎక్కించి కప్పిచ్చిన" అంది పెద్దవ్వ కింద నుంచి, ఏ మాత్రం తగ్గకుండా. "నీళ్లు తగిలితె ఖరాబైతదని నువ్వే అంటివి గద! తెల్లారి సంది తడుస్తుంది పాపం. సలికి గొర్రెపిల్లకు గూడ గొంగడే కప్పుతం."

"అవ్వా, నేనన్నది ఇంట్ల డబ్బా గురించి!"

"ఇంట్ల దాని మీద వానెందుకు పడ్తది? నీకు బుద్ధున్నదా!"

ముడి విప్పి గొంగడి లాగి పడేసి, జారుతూ దిగి గుమ్మం దగ్గరికొచ్చేసరికి మేడమ్ మళ్లీ కనపడింది. ఆమె అదృష్టం ఏమిటంటే, ఈసారి అమ్మాయి వెనక గూడెం మొత్తం నిలబడి ఉంది. ఏవో రెండు ప్రశ్నలు అడిగాక, "రక్తం చూస్తే భయం లేదుగా?" అందామె. అమ్మాయి నోరు తెరిచేలోపే పెద్దవ్వ ముందుకు దూకింది. "భయమా! గొర్రె ఈనలేక ఆపదల ఉంటె మోచేతిదాక చెయ్యి పెట్టి పిల్లను బయటికి గుంజింది మా పిల్ల! రెండు పాణాలు నిలబెట్టింది!" మేడమ్ పడీపడీ నవ్వింది. అమ్మాయి సిగ్గుతో తల వంచుకుంది. వాళ్ల బాపు మాత్రం మొదటిసారి కూతుర్ని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

ఉద్యోగం వచ్చింది. అమ్మాయి పట్నం వెళ్లిన కొన్నాళ్లకు నేను డిష్ చూడటానికి మళ్లీ వెళ్తే, పెద్దవ్వ వైఫై డబ్బాను పాత చీర ముక్కలో మూటకట్టి నా చేతిలో పెట్టింది.

"ఇగో కొడుకా, పైలంగ తీస్కపో. పిల్లకు నౌకరొచ్చింది, దీని పని ఖతం. ఇంకో ఊళ్లె ఇంకో పిల్లకు పెట్టు."

నేను అదిరిపోయాను. సినిమాలన్నాను, గొర్రెల ధరలన్నాను, బ్యాంకన్నాను. కంపెనీ నేర్పిన పాఠం మొత్తం ఒప్పజెప్పాను. ఆమె నా చేతిలోని మూటకు ఇంకో ముడి వేసింది. చివరికి, "అవ్వా, అండ్ల నీ మనవరాలు కనవడ్తది" అన్నాను.

"దాని మొకం కనవడ్తదా?"

"కనవడ్తది. తిన్నవా లేదా అని అడుగచ్చు."

"అడుగుడెందుకు, మొకం సూస్తె నాకు ఎరుకైతది. పెట్టు మల్ల."

పెట్టి, అప్పటికప్పుడే ఫోన్ కలిపాను. పెద్దవ్వ తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా వంగింది. "అవ్వా, జర దూరం జరుగు, నీ ముక్కే కనవడ్తుంది" అని ఆ పిల్ల నవ్వుతోంది. పెద్దవ్వ నవ్వలేదు. కాసేపు చూసి, "పొద్దుగాల ఏం తినలే నువ్వు" అంది. అవతల నవ్వు ఆగిపోయింది. "తినలేదవ్వా" అని ఆ పిల్ల ముఖం పక్కకు తిప్పుకుంది.

డిష్ చూసొస్తానని నేను బయటికి వచ్చేశాను. దానికేం రోగం లేదు, నాకే ఏడుపొచ్చింది. ఐడి కార్డున్న మనిషి ఏడిస్తే ఊళ్లో పరువు పోతుందని ఆ వయసులో నా బాధ. ఇప్పుడైతే అక్కడే పెద్దవ్వ పక్కన కూర్చుని, హాయిగా ఏడ్చి, ఆమె పెట్టింది తిని మరీ వచ్చేవాణ్ని.