సేమిరి అంటే సేమియా కాదు

మా ఇంట్లో వేసవిలో చేసే పాయసానికి పొయ్యితో పెద్దగా పనిలేదు. పెరుగుని పల్చటి బట్టలో మూట కట్టి సింకు మీద కొళాయికి వేలాడదీస్తాను. బాల్కనీలో కడితే గాలికి నీరు తొందరగా దిగుతుంది కానీ, గోపాలపట్నంలో మా బాల్కనీ గ్రిల్లుని పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ నల్లదుమ్ము పేరుకుంటుంది. పెరుగుకి ఆ తాలింపు అక్కర్లేదు.

రెండు మూడు గంటలకి నీరంతా కారిపోయి మూటలో మెత్తటి ముద్ద మిగులుతుంది. అందులో బెల్లం పొడి, కాస్త ఏలకుల పొడి కలుపుతాను. గాజు గ్లాసుల్లో ఒక వరస పెరుగు, ఒక వరస మామిడిపండు ముక్కలు, మళ్లీ పెరుగు, పైన దానిమ్మ గింజలు. అడుగున మాత్రం గోరువెచ్చటి పాలల్లో నానిన సేమియా ఉంటుంది. గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే అయిపోయినట్టే. తిన్నవాళ్లందరూ బాగుందనే అంటారు, ఆ తర్వాత అడుగున సేమియా ఎందుకని అడుగుతారు. ఎందుకంటే పెళ్లైన కొత్తలో నాకు చెవులున్నాయి కానీ, ఈ ఊరి మాట వినే చెవులు లేవు.

మాది గుంటూరు వైపు. మా ఆయన వాళ్లది ఇటు పల్లెటూళ్లో వ్యవసాయం చేసుకునే కుటుంబం. ఆయనకి అచ్యుతాపురంలో కంపెనీ ఉద్యోగం రావడంతో మా అత్తగారు కూడా ఈ ఫ్లాట్‌కే వచ్చేశారు. నేను కాపురానికి వచ్చిన మూడో వారం ఆవిడ భీమిలిలో చుట్టాలింటికి బారసాలకి బయల్దేరారు. చెప్పులు తొడుక్కుంటూ గుమ్మంలోంచి గబగబా చెప్పారు.

"ఓలమ్మీ, పాలు గోరెచ్చగా అయ్యేక సేమిరి ఏసీయే, మర్సిపోకు. నాను సాయంత్రానికి వచ్చీత్తాను."

నేను తల ఊపాను. కొత్త కోడలికి తల ఊపడం కన్నా క్షేమమైన పని లేదు. ఆవిడ మాటలో సగం నాకు అందేది కాదు, అందిన సగంతో సంసారం నెట్టుకొస్తున్నాను. గోరువెచ్చటి పాలల్లో సేమియా ఎందుకో అర్థం కాలేదు. వీళ్ల వైపు ఇంతేనేమో అనుకుని, అలమరలో ఉన్న వేయించిన సేమియా పొట్లం విప్పి మొత్తం పాలగిన్నెలో పోసి మూత పెట్టాను.

సాయంత్రం అత్తగారు వచ్చి చేతిసంచీ దించి మూత తీశారు.

"ఇదేటిది?"

"సేమియా అండీ. మీరే వెయ్యమన్నారుగా."

ఆవిడ గిన్నె వంక చూశారు, నా వంక చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి, నిలబడలేక వంటింటి గచ్చు మీద కూర్చుండిపోయి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"సేమిరి అన్నానే తల్లీ! పాలు తోడుకోవాలని ఏత్తామే, అది!"

"దాన్ని మేము తోడు అంటాం అత్తయ్యా," అన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది.

"తోడేటే? తోడు మనిసికి. పాలకి సేమిరి!"

తిడతారనుకున్నాను. లీటరు పాలు, పొట్లం సేమియా, మర్నాటికి పెరుగు లేదు. మా అమ్మయితే ఆ పూట నన్ను బతకనిచ్చేది కాదు. ఈవిడ లేచి, ఫ్రిజ్‌లోంచి ముందురోజు పెరుగు తీశారు. చిన్న మూతగిన్నెలోకి చెంచాడు పెరుగు వేసి పక్కన పెట్టారు. "ముందు రేపటికి తీసుకోవాల. తర్వాతే ఈ పూటకి" అన్నారు. మిగిలిన పెరుగంతా ఆ ముద్దకట్టిన సేమియాలో గుమ్మరించి, బెల్లం కలిపి, భీమిలి నుంచి తెచ్చిన మామిడిపళ్లు రెండు కోసి వేశారు. మా ఆయన షిఫ్టు నుంచి వచ్చి రెండు గిన్నెలు తిని, దీని పేరేమిటని అడిగారు.

"ఎర్రిపాయసం. నీ పెళ్లాం కనిపెట్టింది," అన్నారు అత్తగారు.

ఆ తర్వాత ప్రతి వేసవిలోనూ ఎర్రిపాయసం చేశాం. పెరుగు మూట కట్టడం, గాజు గ్లాసులు నా నాగరికత. "పెరుగుకి ఉరెందుకే, అదేటి తప్పు సేసింది?" అని మూట కట్టినప్పుడల్లా ఆవిడ అనేవారు. తినేటప్పుడు మాత్రం గ్లాసు అడుగుదాకా గీకేవారు.

ఆ రుచి పళ్లది కాదు, పెరుగుది. ఆవిడ ఊరు వదిలి వచ్చేటప్పుడు ఒక స్టీలు డబ్బాలో సేమిరి పోసుకుని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారు. రోజూ కాస్త తీసి పెట్టుకుంటూ దాన్నే నడిపించుకొచ్చారు. గిన్నె వంచినా కదలని పెరుగు అది, మండుటెండల్లో కూడా సాయంత్రానికి పులిసేది కాదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కూడా ఇచ్చేవారు. భీమిలి వైపు నుంచి చేపల బేసిన్ నెత్తిన పెట్టుకుని వచ్చే ఆవిడకి గ్లాసుడు మజ్జిగ ఇచ్చి, ఒకసారి డబ్బాలో సేమిరి కూడా పోసి పంపారు. నాకు ఒళ్లు మండింది. నేను కాస్త పిసినారిదాన్నే, ఒప్పుకుంటాను.

"ఊరందరికీ పంచిపెట్టాలా అత్తయ్యా?"

"మనింట్లోనే ఉంటే ఒక రోజు పోద్ది. పదిళ్లల్లో ఉంటే యాడికి పోద్దే? పొద్దుగూకేక మాత్రం ఎవులికీ ఇయ్యకు."

ముందటేడు వేసవిలో ఒక మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న అత్తగారు మళ్లీ లేవలేదు. పెద్దకర్మ రోజు, పోయినవాళ్లకి ఇష్టమైనవన్నీ విస్తట్లో పెట్టాలన్నారు. ఎవరెవరో ఏవేవో చెబుతున్నారు. ఆవిడకి ఏది ఇష్టమో నాకు తెలుసు. ఇంట్లో ఉన్న పెరుగంతా మూట కట్టాను. మామిడిపళ్లు కోశాను, సేమియా నానబెట్టాను. విస్తట్లో పెట్టాను, వచ్చినవాళ్లకీ తలో గరిటెడు పెట్టాను. సాయంత్రం పాలు కాచి, చిన్న మూతగిన్నె కోసం ఫ్రిజ్ తెరిచాను. అది గిన్నెల బుట్టలో ఖాళీగా, కడిగి బోర్లించి ఉంది. ముందు రేపటికి తీసుకోవాల. ఇన్నేళ్లలో ఒక్కరోజు మర్చిపోయాను, అదీ ఆవిడ కోసం వండిన రోజే. ఆ పదకొండు రోజులూ రాని ఏడుపు ఆ ఖాళీ గిన్నె దగ్గర వచ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం నాకు బాగా వచ్చు. ఎదురింటివాళ్లని అడిగాను, వాళ్లు ఎప్పుడో పెరుగు పాకెట్లకి మారిపోయారు. కిందింటివాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు. ఊళ్లో ఆడపడుచుకి ఫోన్ చేస్తే, గేదెలు అమ్మేశాక తనూ కొనుక్కుంటున్నానంది. చేపలావిడ మోకాళ్ల నొప్పులని అప్పటికే మా వీధికి రావడం మానేసింది. దుకాణంలో పెరుగు తెచ్చి తోడు పెట్టాను. పెరుగైతే అయింది. పాయసం కూడా చేశాను. మా ఆయన బాగుందన్నారు, రెండోసారి మాత్రం అడగలేదు. రెండు వేసవులు అలాగే గడిచాయి. మనిషి కోసం బెంగపడితే నలుగురూ ఓదారుస్తారు. పెరుగు కోసం బెంగ పెట్టుకున్నానని ఎవరికి చెప్పుకోను?

ఈ వేసవిలో ఒక పొద్దున మెట్ల దగ్గర "సేపలమ్మా సేపలూ" అని వినిపించింది. గొంతు గుర్తుపట్టి తలుపు తీశాను. చేపలావిడే, మోకాళ్లు కాస్త నయమై మళ్లీ తిరుగుతోందట. బేసిన్ దించి, "పెద్దమ్మేదీ?" అంది. చెప్పాను. ఆమె అలాగే గుమ్మంలో కూలబడి, కాసేపు చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకేం చెయ్యాలో తోచక గ్లాసుడు మజ్జిగ తెచ్చిచ్చాను. ఒక గుక్క తాగి ఆగింది.

"ఇది మీ యత్తది కాదు."

ఇంట్లో మనిషి బాగుందన్న దాన్ని వీధిలో మనిషి ఒక్క గుక్కలో పట్టేసింది. జరిగిందంతా చెప్పాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"దానికేటమ్మా ఏడుపు? మీ యత్త ఇచ్చిన సేమిరి మా యింట్లో ఉంది కదా. రోజూ అదే ఏత్తన్నాను."

మూడోరోజు మళ్లీ వచ్చింది. బేసిన్‌లో చేపల పక్కన ఐసులో గుచ్చిన చిన్న డబ్బా, దాని చుట్టూ రెండు ప్లాస్టిక్ కవర్లు. "వాసన పట్టనేదు, పులవనేదు. పొద్దుండగానే తెచ్చినాను. మీ యత్త మాట దాటుతానేటి?" అంది. రెండు చేతులతో అందుకున్నాను. కవర్లకి చేపల వాసన ఉంది. నాకు ఆ క్షణంలో అది కూడా బాగుంది.

మర్నాడు గిన్నె వంచి చూశాను. పెరుగు కదల్లేదు. ముందు చెంచాడు తీసి చిన్న గిన్నెలో వేసి మూత పెట్టాను. తర్వాతే మూట కట్టాను. ఒక గ్లాసు చేపలావిడకని దాచాను, ఒకటి మా ఆయనకిచ్చాను. ఆయన ఒక చెంచా నోట్లో పెట్టుకుని, మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. నేనూ తిన్నాను. అదే రుచి, రవ్వంత తేడా లేదు. రుచి వచ్చింది, మనిషి రాలేదు. వస్తుందని ఏ మూలో ఆశపడ్డానేమో, గ్లాసు అడుగున సేమియా తగిలేసరికి చెంచా కింద పెట్టేశాను. పెరుగుకి ఉరెందుకే అనడానికి ఎవరూ లేరు.

సాయంత్రం దీపం పెట్టకముందే పాలు గోరువెచ్చగా చేసి, మూతగిన్నెలోది వేసి కలిపాను. హాల్లోంచి మా ఆయన పిలిచారు. నా కోసమని ఆయన ఇన్నేళ్లుగా మా గుంటూరు మాటే వాడతారు.

"తోడు పెట్టావా?"

"తోడు మనిసికండీ," అన్నాను. "పాలకి సేమిరి ఏసీసేను."