సంఖ్య అయితే చాలు

ఆమెకు ప్రోగ్రాము రాయడం రాదు. ఈ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. అందరికంటే ముందు ఆమెకే తెలుసు. పన్నెండేళ్ళు కొరియర్ ఆఫీసు కౌంటర్లో కూర్చుని, "మా పార్సెల్ ఏదండీ?" అన్నవాళ్ళందరికీ జవాబు చెప్పి, నడుం పడిపోయాక, కుర్చీ మారితే బాగుండునని ముప్పై తొమ్మిదో ఏట ఈ ఉద్యోగంలోకి వచ్చింది. కుర్చీ నిజంగానే మెత్తన. పని మాత్రం పాతదే: అడగడం, వచ్చిన జవాబు సరైనదో కాదో చూడడం.

కంపెనీది మందులు గుర్తుచేసే యాప్. ఏ మాత్ర, ఏ పూట, ఎంత అని రోగి ఫోన్లో చూపిస్తుంది. ఫోన్ తనంతట తాను ఏమీ ఎరగదు. కంపెనీ కంప్యూటరుకు కొన్ని చిరునామాలుంటాయి. ఫోన్ అక్కడికి వెళ్ళి అడుగుతుంది, వచ్చిన జవాబును తెచ్చి తెర మీద పెడుతుంది. అలా అడిగి చెప్పించుకునే గడపనే వీళ్ళు ఏపీఐ అంటారు. అలాంటి గడపలు రెండు వందల పైచిలుకు. అన్నీ సరిగ్గా పలుకుతున్నాయా అని రోజూ తట్టి చూడడం ఆమె వంతు.

తట్టేది చేత్తో కాదు. ఒక ఫైల్లో రాసిపెడుతుంది: ఫలానా చిరునామాకు వెళ్ళు, ఫలానా రోగి గురించి అడుగు, ఫలానా జవాబు రావాలి. అంతే. ఎలా వెళ్ళాలో, ఎలా పోల్చి చూడాలో ఆమె రాయక్కర్లేదు, ఆ సంగతి పనిముట్టు చూసుకుంటుంది. ఏం కావాలో చెప్పి ఊరుకోవడం ఇంట్లో ఇరవై ఏళ్ళుగా ఆమెకు దక్కని భోగం. ఒక్కటే చిక్కు. ఒక పంక్తి ముందు రెండు ఖాళీలు ఉండాల్సిన చోట ఒకటే ఉంటే ఫైలు మొత్తం కొత్తల్లుడిలా అలిగి కూర్చుంటుంది. ఎందుకలిగిందో ఒక పట్టాన చెప్పదు కూడా.

రావాల్సిన జవాబు వస్తే తెర మీద పచ్చగీత, రాకపోతే ఎర్రగీత. రెండేళ్ళుగా కొత్త యాప్ విడుదలైన ఏ రోజూ ఆమె తెర మీద ఎరుపు మిగల్లేదు. అందుకని ఆమెను 'పచ్చదీపం' అన్నారు. వెక్కిరింపుగా మొదలైన పేరు. ఆమె దాన్ని బిరుదులా కట్టుకుని తిరిగింది. అసలు తంటా అక్కడే వచ్చింది.

ఈ పనిలో బయటివాళ్ళకు వింతగా తోచే ఆనవాయితీ ఒకటుంది. బడిలో పిల్లవాడి జవాబు తప్పితే పిల్లవాణ్ణి దిద్దుతారు. ఇక్కడ మాత్రం రోజుకు నాలుగుసార్లు మేష్టారి జవాబుపత్రాన్నే దిద్దుతారు. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఒక పేరు మారుస్తారు. 'రోగి' అని ఉన్నది 'సభ్యుడు' అవుతుంది. ఆమె ఫైళ్ళలో ఇంకా పాత పేరే ఉంటుంది కనుక అన్నీ ఎర్రబడతాయి. అప్పుడు ఆమె తన ఫైలు దిద్దుకోవాలి. వినడానికి దొంగలెక్కలా ఉంటుంది గాని, పదింట తొమ్మిదిసార్లు అదే న్యాయం. ఆ పదోది పట్టుకోవడానికే ఆమెకు జీతం.

ఆ బుధవారం నలభై ఒక్క ఎర్రగీతలు వచ్చాయి. మాత్రల లెక్కలు రాసే ప్రోగ్రామరు ఆమె పక్క సీటే. ఎప్పుడూ పరుగు మీద ఉంటాడని అందరూ అతన్ని సుడిగాలి అంటారు.

"అక్కా, కంగారు పడకు. మాత్రల దగ్గర పేర్లు మార్చాను. నీ ఫైళ్ళు దిద్దేసుకో."

"అన్నీ పేర్లేనా?"

"పేర్లేనక్కా. కొంచెం అటూ ఇటూ."

"ఆ అటూ ఇటూ ఏంటో చెప్పి చావరాదూ?"

"నాలుగింటికి విడుదలక్కా! దీపం వెలిగించు, స్వీట్లు నావి."

నలభై నిజంగానే పేర్లు. నలభై ఒకటోది కాదు. అందులో ఆమె ఎప్పుడో కల్పించిన ఉత్తుత్తి రోగి ఒకడున్నాడు. వాడికి సగం మాత్ర రాసింది, కంప్యూటర్లు సగాల దగ్గరే తడబడతాయని ఎక్కడో విని. మోతాదు 0.5 రావాలి. 1 వచ్చింది.

ఆమె దాన్ని చూసింది. చూడలేదని తర్వాత తనకు తాను కూడా చెప్పుకోలేకపోయింది. సగాన్ని ఇప్పుడు వేరే చోట దాస్తున్నారేమో అనుకుంది. అడగాలనుకుంది. 0.5 కొట్టేసి, ఆ చోట 'సంఖ్య అయితే చాలు' అనే నియమం పెట్టింది. ఒకటి సంఖ్యే. వంద కూడా సంఖ్యే. గీత పచ్చబడింది.

పని ఒత్తిడి అనే సాకును ఆ తర్వాత చాలామంది ఆమెకు ఉచితంగా అందించారు. ఒత్తిడి లేదు. నాలుగవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. టీ తాగింది. సుడిగాలి ఆరడుగుల దూరంలో కూర్చుని కాళ్ళూపుతున్నాడు. అడిగితే ఎరుపు ఎరుపుగానే ఉండేది, విడుదల ఆగేది, పచ్చదీపం ఆరిందిరా అని నవ్వేవాళ్ళు. అంతకుమించి ఏ కారణమూ లేదు.

ఎనిమిదో రోజు ఒక మందుల షాపామె ఫోన్ చేసి, మీ యాప్ సగాల్ని ఒకట్లు చేస్తోందేంటండీ అంది. గంటలో సరిచేశారు. మర్నాడు సమావేశం పెట్టారు. మిగిలిన మాత్రలు లెక్కపెట్టడం సులువవుతుందని సుడిగాలి అన్ని మోతాదుల్నీ నిండు అంకెలు చేశాడట. సగం పైకి జరిగి ఒకటైంది.

"పరీక్షలన్నీ పచ్చగానే ఉన్నాయి కాబట్టి అటువైపు తప్పేం లేదు," అన్నాడు టీము లీడరు, ఆమె వైపు మర్యాదగా చూస్తూ.

సుడిగాలి తల దించుకున్నాడు. అతన్ని మాత్రల పని నుంచి తప్పించి లాగిన్ పేజీ రంగులు చూసుకోమన్నారు. ఆమె సీటుకు వచ్చి ఎవరూ అడక్కుండానే 0.5 మళ్ళీ రాసేసింది. ఎవరు ఎప్పుడు ఏ పంక్తి మార్చారో ఫైళ్ళ చరిత్రలో ఉంటుంది. కానీ ప్రోగ్రామైతే నలుగురు చదువుతారు, ఇలాంటి ఫైళ్ళను సెట్టింగుల కింద జమకట్టి ఎవరూ తెరవరు. ఆమెకు అది తెలుసు. తెలిసి ఊపిరి పీల్చుకుంది. ఆ రోజు తలుచుకుంటే ఆమెకు ఎక్కువ సిగ్గేసేది ఆ ఊపిరి గురించే.

రెండు వారాలు గడిచాయి. కౌంటరు రోజుల అలవాటు కొద్దీ ఆమె అప్పుడప్పుడూ జనం ఇచ్చిన ఫిర్యాదులు చదువుతుంది, కొత్త పరీక్షలకు పనికొస్తాయని. ఆ శుక్రవారం, ఫిర్యాదులు తీసుకునేవాళ్ళు రాసిపెట్టింది ఒకటి కనబడింది:

"డెబ్బై ఒక్క ఏళ్ళు, గడియారాలు బాగుచేస్తారు. బీపీ మాత్ర. వారం రోజులు ఫోన్ ఒకటి వేసుకోమందని, కళ్ళు తిరిగి స్నానాలగదిలో పడి మణికట్టు విరిగిందని అంటున్నారు. పరిశీలించాం. ఫోన్లో సగం అనే ఉంది. కూతురు కూడా చూశారు. ఆయనకు మతిమరుపు మొదలైందని, దుకాణం తాళం తీసేసుకున్నామని కూతురు చెప్పారు. మూసివేయడమైనది."

తేదీ చూసింది. సరిచేసిన రెండో రోజు. అంటే ముసలాయన ఫోన్ తెచ్చి చూపించేసరికి అందులో సగమే ఉంది. అబద్ధం చెప్పిన ఫోన్ బుద్ధిమంతురాలైపోయింది. నిజం చెప్పిన మనిషి మతిలేనివాడయ్యాడు. విరిగిన ఎముక ఆరు వారాలకు అతుక్కుంటుంది. ఈ ముద్ర అలా పోయేది కాదు. ఆయన చెప్పింది నిజమేనని ఎవరో ఒకరు చెప్పకపోతే ఆ దుకాణం మళ్ళీ తెరుచుకోదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర మొగుణ్ణి అడిగింది. ఆయన డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు.

"ఏమండీ, నేర్చుకునేవాడు పోయి ఎవర్నో గుద్దితే తప్పు వాడిదా, మీదా?"

"ఇద్దరిదీ. కాకపోతే పక్కసీట్లో నాకు రెండో బ్రేకు ఇచ్చారు. అది తొక్కడానికేగా నన్ను కూర్చోబెట్టింది."

"తొక్కలేదనుకోండి."

"నిద్రపోయానా?"

"లేదు. చూస్తూనే తొక్కలేదు."

ఆయన చెయ్యి ఆపి చూశాడు. "నువ్వేం చేశావో అది చెప్పు ముందు."

చెప్పింది. ఆయన ఓదార్చలేదు, మందలించనూ లేదు.

"ఆ పెద్దాయనకు ఫోన్ చెయ్యి."

"ఉద్యోగం పోతే?"

"పోవచ్చు. తిను, చల్లారిపోతోంది."

సోమవారం టీము లీడరు దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పింది, ముసలాయనకు ఫోన్ చేస్తానంది. ఆయన తలుపు దగ్గరగా వేశాడు.

"సరిచేసేశాం కదండీ. ఇప్పుడు ఫోన్ చేస్తే ఒప్పుకున్నట్టు అవుతుంది."

"ఒప్పుకోవడానికే కదండీ చేసేది."

"మీ పేరు ఎవరూ ఎత్తలేదు. తీరిగ్గా వెళ్ళి రోట్లో తల పెడతానంటారేంటి?"

అక్కణ్ణుంచి సుడిగాలి దగ్గరికి వెళ్ళింది. అతను లాగిన్ పేజీకి నీలం పెట్టి తీసి, తీసి పెడుతున్నాడు.

"ఆ పంక్తి నేనే మార్చాను తమ్ముడూ. ఎర్రగానే వచ్చింది ఆ రోజు."

"తెలుసక్కా."

"ఏం తెలుసు?"

"సమావేశం కంటే ముందే చరిత్ర తీసి చూశాను."

"మరి అక్కడ చెప్పలేదేంరా?"

"నువ్వు చెబుతావనుకున్నాను," అన్నాడు తెర మీద నుంచి చూపు తిప్పకుండానే. "తర్వాత చెబుతావనుకున్నాను. తర్వాత రంగుల్లో పడిపోయాను."

తిట్టి ఉంటే బాగుండేది. ఆమె మెట్ల దగ్గరికి వెళ్ళి తన సొంత ఫోన్‌తో ఫిర్యాదులో ఉన్న నంబరుకు చేసింది. కూతురు ఎత్తింది. ఈమె సంగతంతా వరసగా, ఫైల్లో రాసినట్టు, మొదట ఏం జరగాలో, తర్వాత ఏం జరిగిందో చెప్పింది.

అవతల నుంచి వరద.

"మూడు వారాలండీ! మూడు వారాలు మా నాన్నను నేను చంటిపిల్లాడిలా చూశాను! మాత్రలు నా గదిలో పెట్టుకున్నాను. 'ఒకటి అనే ఉందే' అని ఆయనంటుంటే, 'నాన్నా, ఊరుకో' అన్నాను. మతిమరుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఇవాళ ఏ వారం అని అడిగించాను. ఆయన జవాబు చెప్పి, నా మొహం చూశాడండీ... మీకేం తెలుసు!"

ఆమె క్షమించమని ఒకసారి అంది. అది నేల మీద పడి పగిలినట్టే అనిపించింది, రెండోసారి అనలేదు.

"ఇవాళ ఫోన్లో చెప్పి రేపు నేననలేదంటే? మీ కంపెనీ అలాగే చేసింది. రాసివ్వండి."

మెట్ల మీద కూర్చుని, లైను కట్ చేయకుండానే మెసేజ్ రాసింది. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా మీ నాన్నగారి ఫోన్ ఒకటి అనే చూపించింది. సగం చూపించాల్సింది. దాన్ని పట్టుకోవాల్సింది నేను. నా కంటపడింది, వదిలేశాను. కింద పూర్తి పేరు రాసింది. ఒకసారి చదువుకుని పంపింది.

కూతురు ఆ మెసేజ్‌ను పైకి చదవడం ఫోన్లో వినిపించింది. తర్వాత ముసలాయన గొంతు, గరగరలాడుతూ, దగ్గరగా:

"అమ్మా, గడియారం తప్పు చూపిస్తే జనం గడియారాన్ని నా దగ్గరికి తెస్తారు. ఫోన్ తప్పు చూపిస్తే నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు." నవ్వబోయి దగ్గాడు. "ఒకటే కదా చూపించింది?"

"ఒకటే చూపించిందండీ."

"ఈమధ్య నాకే నమ్మకం పోతూ వచ్చింది. సరే. నాకైతే కూతురుంది, మొదట మీవాళ్ళకు ఫోన్ చేసి పోట్లాడింది, అది కాగితం మీదికెక్కింది, మీరు చదివారు. ఎవరూ లేనివాళ్ళున్నారేమో. సగం మాత్రవాళ్ళు ఎంతమందమ్మా?"

ఎంతమందో ఆమెకు తెలియదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. తన నేరానికి ఒక్క ముఖం దొరికితే చాలనుకుంది. ఒక్కరికి చెప్పేసి తేలికపడదామనుకుంది. ఒప్పుకుంటే బరువు దిగుతుందంటారు. ఆమెకు అప్పుడే బరువు ఎంతో లెక్క మొదలైంది.

రాసిచ్చానని చెప్పగానే టీము లీడరు తల పట్టుకుని కూర్చున్నాడు. గంట తర్వాత ఆయనే జాబితా తీయించాడు. ధర్మబుద్ధితో కాదు, ఒకరి చేతిలో కాగితం ఉన్నాక మిగతావాళ్ళు వచ్చి తలుపు తట్టేదాకా ఆగడం కంటే తామే తట్టడం మేలని పైవాళ్ళకు అర్థమైంది. ఆమె మీద విచారణ ఉంటుందన్నాడు. ఉండాలనే ఆమెకూ అనిపించింది.

ఆ ఎనిమిది రోజుల్లో సగం మాత్ర వేసుకోవాల్సినవాళ్ళు అరవై మూడు మంది. సుడిగాలి కుర్చీ జరుపుకుంటూ వచ్చి జాబితా చూశాడు.

"ముప్పై నాకివ్వక్కా."

"వాళ్ళు తిడతారు."

"తిట్టనీ."

కాగితాన్ని మధ్యకు మడిచి చించింది. తన వంతులో మొదటి నంబరు నొక్కింది. చాలాసేపు మోగాక ఎవరో పెద్దావిడ ఎత్తి, ఎవరండీ అంది. ఈమె కంపెనీ పేరు కంటే ముందు తన పేరు చెప్పింది.