నేను చక్కబెట్టిన పేజీ

ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. కొన్నేళ్లుగా నాతోపాటు పడుకుని, నాతోపాటు లేస్తున్న సంగతి. బరువు మోశానని అనను. ఆ మాటలో మోసేవాడి మీద కాస్త జాలి ఉంటుంది. నేను మోయలేదు, దాచాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అందుకే చెప్పగలుగుతున్నాను. ఇందులోనూ పిరికితనమే ఉందని మీకనిపిస్తే, కాదనలేను.

మాది కోడుమూరు దగ్గర పల్లె. కంప్యూటర్ చదువు చదువుకుని కడపలో ఒక చిన్న కంపెనీలో చేరాను. బోరు మోటార్ల స్టార్టర్లకు తగిలించే పెట్టెలు చేస్తాం. మోటారు ఎప్పుడు తిరగాలో ఎప్పుడు ఆగాలో ఆ పెట్టెకు చెప్పడానికి ఒక చిన్న ప్రోగ్రామింగ్ భాష ఉంది. ఇంగ్లీషు రాని మెకానిక్కులు కూడా రాసుకోగలిగేటట్లు తెలుగు మాటలతోనే కట్టింది. ఆ భాష ఎలా వాడాలో చెప్పే పేజీలను మెకానిక్కులు తోటల్లోనే నిలబడి ఫోన్లో చదువుకునేవాళ్లు.

ఆ పేజీలు నాకు ముందు పనిచేసినతను రాశాడు. గజిబిజిగా ఉండేవి. చెప్పిందే చెప్పేవాడు. ఏ షరతు మీద ఏ పని చెయ్యాలి, ఏ పనిని ఎంతవరకు తిరిగి తిరిగి చెయ్యాలి అనే అధ్యాయమైతే మరీ ఘోరం. దాన్ని చక్కబెట్టమని మా యజమాని నాకిచ్చాడు. సంతోషంగా తీసుకున్నాను. ఒకే మాట రెండుచోట్ల కనపడితే నాకు ఒళ్లు కంపరమెత్తుతుంది. అది నా మంచి గుణమని అప్పట్లో అనుకునేవాణ్ని.

ఇక్కడ ఒక్క సాంకేతిక విషయం చెప్పక తప్పదు. ఒక పనిని తిరిగి తిరిగి చేయించడానికి ఆ భాషలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది ముందు నీళ్లున్నాయా అని చూస్తుంది, ఉంటేనే మోటారు తిప్పుతుంది. రెండోది ముందు కాసేపు మోటారు తిప్పి, ఆ తర్వాత చూస్తుంది. కంప్యూటర్ పాఠాల్లో ఈ తేడా పరీక్షలో వచ్చే ఒక చిన్న ప్రశ్న. మా సీమలో అలా కాదు. ఇక్కడ బోర్లు కాసేపు పోసి కాసేపు ఆగుతాయి. తోటల కరెంటు పోతుంది, వస్తుంది, మళ్లీ పోతుంది. వచ్చిన ప్రతిసారీ పెట్టె మొదటినుంచి మొదలుపెడుతుంది. రెండో పద్ధతిలో రాసి ఉంటే, బోరులో చుక్క నీళ్లు లేకపోయినా కరెంటు వచ్చిన ప్రతిసారీ మోటారు ఉత్తినే తిరుగుతుంది. ఉత్తినే తిరిగితే కాలిపోతుంది.

నా ముందటి మనిషికి ఇది తెలుసు. మోటారుకు రెండో పద్ధతి వాడొద్దని అధ్యాయం మొదట్లో రాశాడు, ఉదాహరణ పక్కన రాశాడు, చివర్లో మళ్లీ రాశాడు. నేను కింద ఉందిలే అని పైన తీసేశాను. పైన ఉందిలే అని కింద తీసేశాను. ఉదాహరణలు రెండూ ఒకేలా ఉన్నాయని ఒకటి కొట్టేసి, పొట్టిగా ఉన్నదాన్ని ఉంచాను. ఉంచింది రెండో పద్ధతిలో రాసిన మోటారు ఉదాహరణ, ఇలా రాయకూడదని చూపించడానికి అతను పెట్టింది. ఆ సంగతి చెప్పే హెచ్చరిక, కొట్టేసిన ఉదాహరణ పక్కన ఉండి, దానితోపాటే పోయింది. పేజీ ఎంత శుభ్రంగా ఉందో చూసుకుని మురిసిపోయాను. మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి కూడా చదవలేదు.

ఇది పొరపాటు. ఇంతవరకే అయితే మీకు రాయాల్సిన పని లేదు.

మాబు మా మెకానిక్కుల్లో ఒకడు. నాకంటే పెద్దవాడు. కడపలో ఉర్దూ బడిలో చదువుకున్నాడు. తెలుగు చదవడం తనంతట తనే నేర్చుకున్నాడు, బస్సుల బోర్డులు, గోడల మీది సినిమా పోస్టర్లు, ఎరువుల సంచుల మీది రాతలు చూసి. ఆ చదువంటే అతనికి భలే గర్వం. కొత్త పేజీ ఏది పెట్టినా వేలు పెట్టి, పైకి, గొంతెత్తి చదివేవాడు. మిగతా మెకానిక్కులు చుట్టూ చేరి వినేవాళ్లు. నా అధ్యాయం చదివిన రోజు నా దగ్గరికొచ్చి, "పాత సారు రాసింది చదువుతాంటే మా యమ్మ తిట్టినట్లుండేది సార్, అన్నం తినేదాకా అదే మాట. మీది బ్యాంకులో కూచున్నట్లుండాది. గమ్ముగా, సల్లగా" అన్నాడు. అందరూ నవ్వారు. నేను దాన్ని మెప్పుగానే తీసుకున్నాను.

ఆ ఎండాకాలం వేంపల్లె దగ్గర ఓబులేసు అనే రైతు చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, మాబు పెట్టె బిగించాడు. నా పేజీ తెరిచి, నా ఉదాహరణ చూసి, ఉన్నది ఉన్నట్టు రాశాడు. తర్వాత కొన్నాళ్లకు బోరు ఇంకింది. ఒక మధ్యాహ్నమంతా కరెంటు పోతూ వస్తూ ఉంది. మోటారు కాలిపోయింది.

యజమాని స్పీకర్ పెట్టి మాబుకు ఫోన్ చేసినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. పెట్టెలో ఏం రాశావని అడిగితే, మాబు తను రాసింది ఒక్కొక్క మాటా చదివి వినిపించాడు. అవి నా ఉదాహరణలోని మాటలే. నా బల్ల దగ్గరికి వచ్చి పేజీ తెరిచాను. పైన లేదు. కింద లేదు. ఎక్కడా లేదు. వెంటనే ఆ హెచ్చరిక మళ్లీ రాసి పెట్టాను. ఇంకొకరి మోటారు కాలకూడదు కదా. ఆ పని సరైనదే. అక్కడినుంచి లేచి యజమాని గదికి నాలుగడుగులు నడిచి ఉంటే, నేను ఇంకో మనిషిని అయ్యేవాణ్ని. నడవలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఇప్పటికీ తెలియదు. ఏ పేజీనైనా మారిస్తే అందరి ఫోన్లలోనూ మారిపోతుంది, పాతది ఎవరికీ కనపడదు అన్న ఆలోచన కూడా ఆ క్షణంలోనే వచ్చింది. ఆ రెండింటిలో ఏది ముందు వచ్చిందని నన్ను నేను ఎన్నిసార్లు అడిగినా, నాకు అనుకూలమైన జవాబే వస్తుంది. అందుకే దాన్ని నమ్మను.

మరుసటి రోజు పొద్దున మాబు ఆఫీసుకు వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది. ఓబులేసు బజారులో అందరి ముందు నిలబెట్టి తిట్టాడట. యజమాని నన్ను పిలిచి కూర్చోబెట్టాడు.

"పేజీలో ఉండేదే రాసినా సార్," అన్నాడు మాబు. "సొంతంగా ఒక్క మాట కలపలేదు."

"మోటారుకు వాడొద్దని ఉండాది గదప్పా," అన్నాడు యజమాని. పొద్దునే పేజీ తెరిచి చూసుకున్నాడు.

"అట్లా యాడా లేదు సార్. నేను రెండుమార్లు సదివినా."

యజమాని నావైపు చూశాడు. మాబు కూడా చూశాడు. అతని చూపులో అనుమానం లేదు. సాక్షి వైపు చూసినట్టు చూశాడు.

నేను ఫోన్ తీసి, ఆ పేజీ తెరిచి, అతని చేతిలో పెట్టాను. "ఉండాది మాబూ. సరిగా చూడు," అన్నాను.

మాబు వేలు పెట్టి చదివాడు. ఈసారి పైకి చదవలేదు. పెదవులు మాత్రం కదిలాయి. ఒకసారి అయిపోయాక మళ్లీ మొదటినుంచి చదివాడు.

"ఉర్దూ బడోనికి తెలుగు పేజీలిస్తే ఇట్లే ఉంటాది," అన్నాడు యజమాని. "అచ్చరాలు లెక్కబెట్టుకుంటా పోతాడు, అర్థం యాడ దొరుకుతాది?"

నేను ఫోన్ కోసం చెయ్యి చాపాను.

"ఉండాది సార్," అన్నాడు మాబు చివరికి. "నా కండ్లకే కనపల్లేదేమో." ఫోన్ నాకు తిరిగిస్తూ, ఇంకా మెల్లగా అన్నాడు, "మీరు శానా కష్టపడి రాసినారు. దానిమీదికి మాట తెచ్చినా. ఏమనుకోవద్దండి."

నాకు క్షమాపణ చెప్పాడు. నేను 'పర్వాలేదులే' అన్నాను. ఆ మాట అన్నది నా నోరే. ఈ రోజుకీ ఎవరైనా నాతో పర్వాలేదు అంటే మాట మార్చేస్తాను.

నాకేం పోయేది? దీన్ని చాలాసార్లు తూచి చూశాను. ఉద్యోగం పోయేది కాదు. ఆ పని తెలిసిన ఇంకో మనిషి వాళ్లకు దొరకడు. ఒక పూట తిట్లు తినేవాణ్ని. నా చక్కటి పేజీ గురించి నలుగురూ నవ్వేవాళ్లు. అంతే. ఆకలికో ప్రాణభయానికో చేసిన తప్పయితే ఒప్పుకోవడం ఇంత చేదుగా ఉండేది కాదేమో. నేను నవ్వులకు భయపడి ఒక మనిషిని బలిచ్చాను.

యజమాని మాబును పనిలోంచి తీసేశాడు. వేంపల్లె చుట్టుపక్కల రైతులెవరూ అతణ్ని మోటారు దగ్గరికి రానివ్వలేదని తర్వాత విన్నాను. అదే నెలలో యజమాని, హెచ్చరిక అంత స్పష్టంగా రాసినందుకే కంపెనీకి చెడ్డపేరు రాలేదని అందరి ముందు నన్ను మెచ్చుకున్నాడు. తల వంచుకున్నాను. అణకువ అనుకున్నారు. ఫోన్లలో కనపడకపోయినా, పేజీని ఎప్పుడు ఎవరు మార్చారో ఆఫీసు కంప్యూటర్లో ఎవరైనా చూడవచ్చు. ఎవరూ చూడలేదు. చూస్తారేమోనని కొన్నాళ్లు భయపడ్డాను. ఆ తర్వాత, ఎవరైనా చూస్తే బాగుండునని అనుకునేవాణ్ని. పట్టుబడాలని కోరుకోవడం కూడా ఒక సోమరితనమే. నోరు నాకుంది, ఇంకొకరు తెరవాలని కూర్చున్నాను.

ఈ మధ్య పనిమీద కమలాపురం పోయాను. బస్టాండు పక్క టీ బంకు దగ్గర మాబు ఉన్నాడు. ఎవరి దగ్గరో బోర్లలోంచి మోటార్లు పైకి తీసే కూలిపని చేస్తున్నాడట. గడ్డం తెల్లబడింది. నన్ను ఇంకా చూడలేదు. చేతిలో ఏదో మందు పెట్టెలోంచి తీసిన కాగితం ఉంది. దాన్ని టీ బంకాయనకు ఇచ్చి, "ఇదేందో సదివి చెప్పన్నా, పొద్దున ఎయ్యాల్నో రాత్రి ఎయ్యాల్నో" అన్నాడు.

"నీకు తెలుగొచ్చు గదా?" అన్నాడు టీ బంకాయన.

"వస్తాది. నమ్మేదానికే లేదు. నా కండ్లు ఉండేది ఇడిసిపెట్టి పోతాయి," అని నవ్వాడు మాబు. ఎన్నోసార్లు చెప్పి అరిగిపోయిన హాస్యంలాగా చెప్పాడు.

అప్పుడు నన్ను చూశాడు. గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. బాగుండారా సార్ అని అడిగి నాకూ టీ చెప్పాడు. తాగాను. పిల్లల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడే చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల కొట్టుకుంటూనే ఉంది. కడప బస్సు వచ్చింది. ఎక్కాను.

అతని పని పోయినందుకు ఎంత బాధ ఉందో అంతకంటే ఎక్కువ బాధ ఆ కాగితం చేతులు మారినందుకు. పని ఇంకోచోట దొరికింది. గోడలు చూసి, సంచులు చూసి, ఎవరూ నేర్పకుండా ఒక మనిషి సంపాదించుకున్న చదువు అది. దాన్ని నేను ఒక్క మాటతో అబద్ధం చేశాను. అతను అబద్ధమాడలేదని నాకు తెలుసు. అతను మాత్రం తన కళ్లే తనకు అబద్ధం చెప్పాయని ఇన్నేళ్లుగా నమ్ముతున్నాడు.

ఇది అచ్చయినా మాబు చదవడు. చదవకుండా చేసింది నేనే. ఎవరో ఒకరు పోయి అతని ముందు కూర్చుని చదివి వినిపించాలి. ఆ ఎవరో ఒకరు నేనే కావాలని తెలుసు. పోతానని మీకు మాటివ్వను. నా మాటల విలువ ఎంతో మీరు ఇప్పటికే చూశారు. అతను క్షమిస్తాడేమోనని కూడా నాకు భయంగా ఉంది. క్షమించడం అతనికి అలవాటే.

ఇన్నాళ్లూ ఎక్కడా రాయని మాట ఒకటి మిగిలింది. అది రాస్తే ఏమవుతుందో తెలియదు గానీ, రాయబోతుంటే చెయ్యి కొంచెం తేలికగా ఉంది. ఆ రోజు ఆ పేజీలో ఆ హెచ్చరిక లేదు. తీసేసింది నేను. మాబు సరిగ్గానే చదివాడు.