డ్రా వద్దన్న రోజు

మా చిన్నప్పుడు... నారాయణగూడలో ఓ స్కూలు హాలు. చదరంగం పోటీల్లో ఆఖరి రౌండు. నేను ఏడో తరగతి. ఎదురుగా ఆడబోయేది అప్పటిదాకా ఒక్క ఆటా ఓడని పదో తరగతి అబ్బాయి, కార్తీక్.

మా అమ్మ అశోక్ నగర్‌లో ఓ లేడీస్ హాస్టల్లో వంట చేసేది. అక్కడ సర్కారు కొలువు కోసం చదివే స్వర్ణక్కే నాకు ఆట నేర్పింది.

ఆటకు ముందు వరండాలో కార్తీక్ వాళ్ళ నాన్న అమ్మ దగ్గరికొచ్చాడు.

"డ్రా చేసుకుంటే మావాడికి మొదటి కప్పు, మీ పాపకు ఆడపిల్లల కప్పు. ఓడిపోతే పాపకు ఏదీ రాదు. కాస్త చెప్పమ్మా."

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "నన్నెందుకు అడుగుతున్నరు సార్? ఆడేది అది."

నాకు ఒళ్ళు మండింది... నేను ఓడిపోతానని ఆయన ముందే తేల్చేశాడు మరి!

నాకు నల్ల పావులొచ్చాయి. సిసిలియన్ డిఫెన్స్ అనే ఆరంభం ఎత్తుకున్నాను. పేరుకే రక్షణ... నిజానికి దెబ్బకు దెబ్బ. ఒక్క ఎత్తు తప్పినా మన రాజే ముందు పోతాడు.

అతని బంట్లు నా రాజు మీదికి దూసుకొచ్చాయి. సరిగ్గా అప్పుడే అడిగాడు, "డ్రా?"

కిటికీ అవతల వాళ్ళ నాన్న. గోడవారగా అమ్మ... అవునని గానీ, కాదని గానీ తల ఊపలేదు.

"వద్దు, అన్నా. ఆడదాం."

గొంతు వణికింది. అయినా అనేశాను.

నా ఏనుగుతో అతని రాజుకు కాపలా ఉన్న గుర్రాన్ని కొట్టాను. అతను నవ్వి, బంటుతో ఏనుగును తీసేసుకున్నాడు. అంతే... రాజు ముందు గోడ కూలింది. ఆ సందులోంచి నా శకటు, మంత్రి లోపలికి... కాసేపటికి అతనే ఓటమి ఒప్పుకుని తన రాజును పడుకోబెట్టాడు.

"ఏనుగునెందుకిచ్చావు?" అని అడిగాడు. గొంతులో కోపం లేదు.

"నువ్వు తీసుకుంటవనే, అన్నా!"

మొదటి కప్పు మా ఇద్దరికంటే పాయింట్లు ఎక్కువొచ్చిన ఇంకెవరికో పోయింది. నాకొచ్చింది ఆ ఆడపిల్లల కప్పే... కానీ ఎవరి దయా కాదు, గెలిచి తెచ్చుకున్నది. చిక్కడపల్లి బజారు పొడుగునా మా అమ్మే ఆ కప్పును అందరికీ కనబడేలా పట్టుకుని నడిచింది. ఎవరైనా అడిగితే ఒకటే మాట... "నా బిడ్డ గెలిచింది!"

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో ఆడుతుంది. డ్రా అడిగితే వేలితో నొక్కి కాదంటుంది... అవతల మనిషి ముఖమే కనబడదు. పెద్దవాళ్ళంతా చూస్తుండగా, వణికే గొంతుతో "వద్దు" అనడం... ఆ రుచి దానికెలా చెప్పను?

మీరు మొదటిసారి ఎవరి ముందు "వద్దు" అన్నారు? చెప్పండి... వినాలనుంది.